సంతకాల పైన రాసిన తీర్మానం

పోయిన నెల నిజామాబాద్‌లో కొత్తగా చేరిన వార్డు అధికారులైన మీకు శిక్షణ పెట్టి, రిటైరైనవాళ్లలో నన్నూ మాట్లాడమని పిలిచారు. పన్ను వసూళ్లలో ప్రజల సహకారం ఎలా పొందాలన్నది నాకిచ్చిన అంశం. అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. చాయ్ తాగి బయటికి వస్తుంటే మీలో ఒక అమ్మాయి వెనకాలే వచ్చి, "సార్, జనం మమ్మల్ని గంత కోపంగా ఎందుకు చూస్తరు? పన్ను వేసింది మేం కాదు గదా?" అని అడిగింది. "అలవాటైపోతదమ్మా" అన్నాను. బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఆ జవాబు నాకే రోతగా తోచింది. ఆమెకు అక్కడ చెప్పవలసినదీ, చెప్పకుండా వచ్చినదీ ఇప్పుడు రాస్తున్నాను.

నేను పంచాయతీ కార్యదర్శిని. సిరికొండ వైపు గుట్టల్లో మొదలుపెట్టి, ధర్పల్లి దగ్గర కొన్నేళ్లు చేసి, చివరి తొమ్మిదేళ్లు బోధన్ దారిలో ఒక చెరకు ఊళ్లో పనిచేశాను. చెరకు ఊరు అంటున్నాను గానీ చక్కెర ఫ్యాక్టరీ మూతబడి అప్పటికే చాలా కాలమైంది. చెరకు తోటలు చాలావరకు వరి మడులయ్యాయి. మగవాళ్లు కొందరు నిజామాబాద్‌లో హమాలీ పనికి పోయేవారు. ఆడవాళ్లు ఇంటింటా బీడీలు చుట్టేవారు. ఎండాకాలం వస్తే అందరికీ ఉపాధి హామీ పని. వాళ్లు దాన్ని కరువు పని అనేవారు.

ఆ ఊళ్లో మహిళా సంఘం అధ్యక్షురాలు ఒకామె ఉండేది. ఏడో తరగతిదాకా చదువుకుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతుంది గానీ ఏ కాగితమైనా చివరిదాకా చదవనిదే వదలదు. నేను ఆమెను అక్కా అనేవాణ్ని, ఊరంతా అలాగే పిలిచేది. ఆమె భర్త ఫ్యాక్టరీలో సీజన్ కూలీగా చేసి, అది పోయాక కూర్చుండిపోయాడు. ఇల్లు నడిపేది ఆమె బీడీలు, కరువు పని. జాబ్ కార్డుల్లో ఎవరికి ఏ తప్పు దొర్లినా నా దగ్గరికి తెచ్చేది. నేను సరిచేసి ఇచ్చేవాణ్ని. "మా సార్ కాగితం మీద చెయ్యి పెడితే తప్పు ఉండదు" అని నలుగురిలో అనేది. ఆ మాటకు నేను ఉబ్బిపోయేవాణ్ని.

ఒకసారి వీధి దీపాలు, మంచినీళ్ల గురించి గ్రామసభ పెట్టాం. డప్పు చాటింపు వేయించాం. ఆ ఏడాది జనం బాగానే వచ్చారు. మా పద్ధతి మీకు కూడా తెలిసిపోయే ఉంటుంది: ముందు సంతకాలు, తర్వాత ముచ్చట. తీర్మానాల పుస్తకంలో పై భాగం ఖాళీగా వదిలి, కింద అందరి చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించేవాణ్ని. సభ అయ్యాక తీరికగా పైన రాసుకునేవాణ్ని. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఆ రోజు అక్క సంతకం పెడుతూ, "పైన ఏం రాయలే గద సార్?" అంది. "మీరు చెప్పిందే రాస్త అక్కా" అన్నాను. ఆమె నవ్వి సంతకం పెట్టింది.

రెండు రోజుల తర్వాత పైనుంచి ఫోన్ వచ్చింది. పట్నం చుట్టూ ఉన్న ఊళ్లన్నిటినీ మున్సిపాలిటీలో కలుపుతున్నారు, గ్రామసభ ఒప్పుకున్నట్టు తీర్మానం సాయంత్రానికి పంపాలి అన్నారు. నేను సర్పంచ్ ఇంటికి పరుగెత్తాను. అతను అప్పటికే అంతా విని ఉన్నాడు. మున్సిపాలిటీ అయితే తను కౌన్సిలర్ అవుతాననే ఆశ అతని మొహంలో కనబడుతూనే ఉంది.

"మళ్ల సభ వెడ్తే లొల్లి అయితది సార్. మొన్నటి సంతకాలున్నయి గదా" అన్నాడు.

"అది దీపాల గురించి పెట్టిన సభ."

"పట్నంల కలిస్తే దీపాలు రావా ఏంది?"

నాకు నచ్చలేదు. మా పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన విసుక్కున్నాడు. "తీర్మానం ఉన్నా కలుపుతరు, లేకున్నా కలుపుతరు. మధ్యల నువ్వెందుకయ్యా అడ్డం?" అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. ఇన్నేళ్లుగా నన్ను నేను ఊరడించుకున్నదీ దానితోనే. ఆ సాయంత్రం సంతకాల పైన ఇంకా ఖాళీగానే ఉన్న చోట రాశాను: పట్టణ సౌకర్యాలు పొందగోరి, గ్రామ ప్రజలందరూ తమ గ్రామాన్ని మున్సిపాలిటీలో విలీనం చేయుటకు ఏకగ్రీవంగా సమ్మతించడమైనది. నా దస్తూరి బాగుంటుంది. 'పొందగోరి' అన్న మాట దగ్గర కలం ఆపి, భలే కుదిరింది అనుకున్నాను. ఇప్పటికీ నాకు ఎక్కువ సిగ్గనిపించేది ఆ క్షణమే.

ఊరు పట్నంలో కలిసింది. పంచాయతీ ఆఫీసు మీద వార్డు కార్యాలయం అని రంగు వేశారు. నన్ను డిప్యుటేషన్ మీద అక్కడే వార్డు అధికారిగా ఉంచారు. రోడ్డు పక్క భూములున్నవాళ్లు కొన్నాళ్లు సంబరపడ్డారు. ఎండాకాలం రాగానే అక్క పదిహేను మంది ఆడవాళ్లను వెంటేసుకుని, జాబ్ కార్డులు కొంగున కట్టుకుని వచ్చింది.

"సార్, కరువు పని ఎప్పుడు వెడ్తరు? మాఘం పోయె, శివరాత్రి పోయె."

"ఇగ ఆ పని ఉండదక్కా. అది పల్లెలకే."

"మాది పల్లె కాదా?"

"ఇప్పుడు పట్నం గదా."

"మేం పట్నం ఎప్పుడైనం సార్?" అంది ఆమె. వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. వెనకాల ఉన్నవాళ్లు నా మొహం చూస్తున్నారు. "పైనుంచి ఆర్డర్ వచ్చింది" అన్నాను. నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చెప్పిన మాటే అది.

కరువు పని పోయాక వాళ్లు మోర్తాడ్ వైపు పసుపు పనులకు పోవడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే ఒక ఆటోలో పన్నెండు, పదమూడు మంది ఎక్కేవారు. ఆ తర్వాతి ఏడాది కొత్త పన్ను వచ్చింది. టేపు పట్టుకుని ఇళ్లు కొలిచారు. పెంకుటిల్లు, ఒక స్లాబు గది, బయట బాత్రూం, అన్నీ కలిపి అక్క ఇంటి పన్ను పంచాయతీ నాటికంటే ఎన్నో రెట్లయింది. చెత్త రుసుము వేరే. చెత్త బండి మాత్రం వారానికొకసారి వస్తే గొప్ప. మురుగు మోరీ తీసే మనిషి లేడు. పంచాయతీలో ఇద్దరు సఫాయి వాళ్లుండేవారు, వాళ్లను పట్నంలోకి తీసుకుపోయారు.

అదే సమయంలో పట్నం చౌరస్తాలో రంగురంగుల దీపాలతో నీళ్ల ఫౌంటేన్ కట్టారు, రోడ్డు మీద పెద్ద కమాను లేపారు. వార్డు సభలో ఒక ముసలి రైతు లేచి, "మా మోరీ తీయనీకె మనిషి లేడు గని, చౌరస్తల నీళ్లు మీదికి ఎగజిమ్మనీకె పైసలున్నయా?" అని అడిగాడు. సభంతా గోల. కమిషనర్ సుందరీకరణ పద్దు వేరు, పారిశుధ్యం పద్దు వేరు అని వివరించబోయాడు. ముసలాయన ఓపిగ్గా అంతా విని, "మేం కట్టేటప్పుడు ఒక్కటే పద్దు గద సారూ" అని కూర్చున్నాడు. నేను మినిట్స్‌లో 'ప్రజలు పారిశుధ్యంపై సూచనలు చేశారు' అని రాశాను.

జనం పన్ను కట్టడం మానేశారు. ఒకరినొకరు కూడబలుక్కుని చేసింది కాదు. కట్టగలిగినవాళ్లు కోపంతో మానేశారు, కట్టలేనివాళ్లకు ఎలాగూ చేతగాలేదు. కొందరు కలిసి విలీనం చెల్లదని హైకోర్టులో కేసు వేశారు. మార్చి నెల వచ్చింది. బకాయిదారుల నీళ్ల నల్లాలు కట్ చేయాలని కమిషనర్ హుకుం. నాకిచ్చిన జాబితాలో మొదటి వీధి అక్కది.

నాతో వచ్చింది నల్లాల మేస్త్రీ. పంచాయతీ నాటి నుంచీ ఆ ఊరికి నీళ్లు వదిలిన మనిషి. నాకంటే పెద్దవాడు, తక్కువ మాట్లాడతాడు. దారిలో, "సాబ్, అక్క చెయ్యి సంగతి తెల్సా?" అన్నాడు.

"ఏమైంది?"

"మోర్తాడ్ పోతుంటే ఆటో పల్టీ కొట్టింది గదా సంక్రాంతి ముందల. కుడి చెయ్యి మణికట్టు విరిగింది. బీడీలు చుట్టనీకె వస్తలేదు."

ఆటో తిరగబడిందని విన్నాను. అందులో ఆమె ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మేము వీధిలోకి పోయేసరికి అక్క గడప ముందు కూర్చుని ఉంది. చేతికి కట్టు తీసేశారు గానీ మణికట్టు వాచి, వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. చుట్టూ ఇరవై, ముప్పై మంది పోగయ్యారు. కొట్టడానికి వచ్చారేమోనని మేస్త్రీ పక్కకు జరిగాను. అక్క ఎడమ చేత్తో ఒక కాగితం తీసి నాకిచ్చింది.

"నల్ల కొయ్యుండ్రి సార్, మీ డ్యూటీ మీరు చేయుండ్రి. ముందుగాల గిది జర సదివి ఇనిపియ్యుండ్రి. నాకు కొన్ని మాటలు సమజ్ అయితలేవు."

సమాచార హక్కు కింద తెచ్చుకున్న నకలు అది. నా దస్తూరి. కింద వాళ్ల సంతకాలు.

చదివాను. ఒకాయన "గట్టిగ సదువుండ్రి" అన్నాడు. మళ్లీ మొదటినుంచి చదివాను. 'పట్టణ సౌకర్యాలు పొందగోరి' అన్న దగ్గర వెనకనుంచి ఒక ఆడమనిషి నవ్వింది. ఆ నవ్వు విన్నాక మిగతాది తల ఎత్తకుండా చదివాను.

"పొందగోరి అంటే ఏంది సార్?" అంది అక్క.

"కావాలని కోరుకుని."

"మేం కోరుకున్నమా?"

అబద్ధం చెప్పడానికి నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. పై ఆర్డర్, సర్పంచ్, పద్ధతి. మేస్త్రీ నా పక్కనే నిలబడి నావైపు కాకుండా నల్లా వైపు చూస్తున్నాడు.

"లేదక్కా. మీరు దీపాల గురించి సంతకాలు పెట్టిండ్రు. ఇది నేను తర్వాత రాసిన" అన్నాను.

గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. అందరికీ ముందే తెలిసినట్టు ఒక్క నిట్టూర్పు మాత్రం వినబడింది. అక్క నా చేతిలోంచి ఆ నకలు తీసుకుంది.

"గిదే ముచ్చట కాగితం మీద రాసి ఇయ్యుండ్రి సార్. కోర్టుల పెడ్తం. ఆఫీసోళ్లు ఈ తీర్మానమే సూపిస్తున్నరట, మీరే ఒప్పుకున్నరు అంటున్నరట."

"రెండు దినాలు ఆగు అక్కా. రాసిస్త."

"రెండు దినాలేనా?"

"రెండు దినాలే."

నేను మేస్త్రీ వైపు తిరిగాను. అతను చేతిలో నల్లా విప్పే పానా పట్టుకునే, "సాబ్, పానా ఇంట్ల మర్చిపోయిన. ఇగ ఇయ్యాల కాదు" అన్నాడు. ఎవరో పకపకా నవ్వారు. మేమిద్దరం వెనక్కి వచ్చేశాం.

ఆ సాయంత్రానికే కమిషనర్‌కు తెలిసిపోయింది. తిట్టలేదు. కుర్చీ చూపించి, నీళ్లిచ్చి, నాకు ఇంకా పదకొండు నెలలే సర్వీసుందని గుర్తు చేశాడు. "మీరు రాసిస్తే అది మీ తప్పు మీరే ఒప్పుకున్నట్టు. తప్పుడు రికార్డు సృష్టించిన కేసు అవుతుంది. పెన్షన్ ఆగుతుంది. ఊరు వెనక్కి వస్తుందా అంటే, రాదు. ఆలోచించుకోండి" అన్నాడు.

ఆలోచించుకున్నాను. మీరు నన్ను పిరికివాడనుకోవచ్చు, తప్పులేదు. కూతురి చదువు, ఇంటి లోను, నా భార్య మందులు, ఒక్కొక్కటీ ముందు పెట్టుకుని చూశాను. అవన్నీ నిజాలే. మూడో రోజు బీపీ అని డాక్టరు సర్టిఫికెట్ పెట్టి నెల రోజులు సెలవు తీసుకున్నాను. బీపీ నాకు నిజంగానే ఉంది. ఊరికి మాత్రం పోలేదు. అక్క ఫోన్ రెండుసార్లు వచ్చింది. ఎత్తలేదు. మూడోసారి ఆమె చేయలేదు.

నేను సెలవులో ఉండగా వేరే జట్టును పంపి నల్లాలు కట్ చేశారు. ఆ సంగతి మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. తనను పంపలేదట. ఆడవాళ్లు పొలాల బోర్ల దగ్గరినుంచి బిందెలతో మోసుకుంటున్నారట. ఒంటి చేత్తో అక్క ఎలా మోస్తోందని అడగాలనిపించింది. సరే అని ఫోన్ పెట్టేశాను. పదిహేను రోజులకు జనం ఒక్కొక్కరే లొంగి కట్టేశారు. అక్క బీడీ కంపెనీలో ఉన్న తన పీఎఫ్ తీసి కట్టింది.

ఆ తర్వాత కోర్టులో కేసు కొట్టేశారు. గ్రామసభే ఏకగ్రీవంగా ఒప్పుకున్నాక ఇప్పుడు కాదంటే ఎలా అన్నారట.

నేను తిరిగి డ్యూటీలో చేరాను. ఆ ఏడాది మా వార్డులో నూరు శాతం వసూలు. పంద్రాగస్టునాడు వేదిక మీదికి పిలిచి ప్రశంసా పత్రం ఇచ్చారు. శిక్షణకు నన్ను పిలిచింది కూడా దాన్ని చూసే. అది తీసుకుని దిగుతుంటే కింద నిలబడ్డ మేస్త్రీ నాకు సలాం చేశాడు. ఎప్పుడూ చేసే సలామే. ఆ రోజు మాత్రం నేను తిరిగి చేయలేకపోయాను. ఆరు నెలలకు రిటైరయ్యాను. పెన్షన్ ఒక్క నెల ఆలస్యం కాకుండా వస్తోంది.

శిక్షణ నుంచి వచ్చిన మరునాడు కూర్చుని జరిగింది జరిగినట్టు రాశాను. రెండు పేజీలైంది. కింద సంతకం చేసి బస్సెక్కాను. ఫోన్ చేయలేదు, చేస్తే రావద్దంటుందేమోనని భయం.

అక్క ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆమె చుట్టడం లేదు. మిగతావాళ్లు చుట్టినవాటిని కట్టలు కడుతోంది, దారం కొన పంటితో పట్టి, ఎడమ చేత్తో లాగుతోంది. నన్ను చూసి లేచింది.

"మంచిగున్నరా సార్? బక్కగైండ్రు" అంది.

ఆమె తిడుతుందని బస్సులో కూర్చున్నంతసేపూ జవాబులు కూర్చుకుంటూ వచ్చాను. కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. చాలాసేపు పట్టింది. మిగతావాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఒకామె "ఏం రాసిండక్కా?" అంటే, "ఆగు" అంది. చివరి సంతకందాకా చదివి, మడతల మీదే మళ్లీ మడిచింది.

"ఉన్నదున్నట్టు రాసిండ్రు సార్."

"వకీలుకు ఇస్తే పనికొస్తుందేమో అక్కా. మళ్ల వేయొచ్చేమో."

"కేసు పోయినంక అడిగిన. కేసు నడిచేటప్పుడైతే ఏమన్న అవుతుండెనట. ఇప్పుడు శానా కష్టమట." కాగితాలు నా చేతిలో తిరిగి పెట్టింది. "ఇది మాకు తెల్సిన ముచ్చటే గదా. మాకెందుకు? తెల్వనోళ్లకు ఇయ్యుండ్రి."

కోపంగా అనలేదు. పక్కింటి పోరిని కేకేసి చాయ్ తెప్పించింది. వాళ్లందరి మధ్యా కూర్చుని ఆ చాయ్ తాగాను. కరువు పని మాటా, ఆటో మాటా ఎవరూ ఎత్తలేదు. పసుపు ధర గురించి మాట్లాడుకున్నారు.

అక్కడినుంచి సరాసరి మున్సిపల్ ఆఫీసుకు పోయాను. కాగితాలు తీసుకునే కౌంటర్‌లో ఉన్న గుమాస్తా నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మొదటి పేజీ సగం చదివి, గొంతు తగ్గించి, "సార్, హాయిగ పెన్షన్ తీసుకుంటున్నరు. గిదంత ఎందుకు మీకు?" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. ఏ సెక్షన్‌కు రాయాలో అడిగి చెప్తాను, రేపు రమ్మన్నాడు. ముద్ర వేసి రసీదు ఇచ్చేదాకా కదలనన్నాను. గంటన్నర నిలబడ్డాక వేశాడు.

వారం తర్వాత ఇప్పటి కమిషనర్ ఫోన్ చేశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నా ఆరోగ్యం అడిగాడు, వయసు అడిగాడు. పెన్షన్ మీద విచారణ రావచ్చని నసిగాడు. కాగితం వెనక్కి తీసుకుంటే తాను చూసుకుంటానన్నాడు. తీసుకోనన్నాను.

"ఇది ఇంకా ఎవరికైనా ఇచ్చారా సార్?" అని అడిగాడు.

"కొత్త వార్డు అధికారులకు ఇస్తున్నాను" అన్నాను.